చివికిపోయిన ప్లైవుడ్ పడవను మళ్ళీ నీళ్ళ మీదికి దించడం ఎలా

పడవ వెనక పలక కింది మూలలో దబ్బనంతో మెల్లగా పొడిచాను. నానిన రస్కులో దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. పైన తెల్ల రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. యాభై అరవై ఏళ్ళ నాటి ప్లైవుడ్ పడవ కొనబోయే ప్రతివాళ్ళూ ముందు ఈ పని చేయాలి. కెమెరా తర్వాత తీయొచ్చు, ముందు దబ్బనం తీయండి.

మాది మిర్రర్ డింగీ, అంటే తెరచాపతో నడిచే చిన్న పడవ. మేముండేది ఇంగ్లండ్‌లో. ఒక సెయిలింగ్ క్లబ్బు కంచె పక్కన ఏళ్ళ తరబడి వెల్లకిలా పడి ఉన్న పడవను దాదాపు ఊరికే తెచ్చుకున్నాం. 1963 జనవరిలో లండన్ బోట్ షోలో ఈ రకం మొదటిసారి జనం ముందుకొచ్చింది. డిజైన్ జాక్ హోల్ట్‌ది. టీవీలో ఇంటి మరమ్మతు పనులు చేసి చూపించే బ్యారీ బక్నెల్ అందులో పాలు పంచుకున్నాడు. డైలీ మిర్రర్ పత్రిక వెనక ఉండి ప్రచారం చేసింది కాబట్టి ఆ పేరు, ఆ ఎర్ర తెరచాపలు. 63 పౌండ్ల 11 షిల్లింగులకు ప్లైవుడ్ ముక్కల కట్ట ఇంటికొచ్చేది. ఆ ముక్కల్ని రాగి తీగతో బట్ట కుట్టినట్టు కుట్టి, అతుకుల మీద గాజుపట్టీ (గాజు నారతో నేసిన పట్టీ), ఆరి గట్టిపడే రెజిన్ వేస్తే 10 అడుగుల 10 అంగుళాల పడవ తయారు. అలా 70 వేలకు పైగా పడవలు తయారయ్యాయి. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ చేసినవాళ్ళకు ఎంటర్‌ప్రైజ్ పడవ తెలిసే ఉంటుంది. 1956 నాటి ఆ డిజైన్ కూడా జాక్ హోల్ట్‌దే.

ఇక్కడ చెప్పేదంతా మిర్రర్ మీద నేర్చుకున్నదే. అయినా ప్లైవుడ్‌తో చేసిన ఏ చిన్న పడవకైనా పద్ధతి ఇంచుమించు ఇదే.

అసలు ఎందుకు చివికింది?

ఇది తెలియకుండా రంపం పట్టుకుంటే, నాలుగేళ్ళలో మళ్ళీ అదే మూల కోయాల్సి వస్తుంది. చెక్కను తినేది నీళ్ళు కాదు, ఫంగస్. దానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగలేదు. 30 శాతం చేరితే దానికి పండగే. ఉప్పునీళ్ళు దానికి అంతగా గిట్టవు, వాననీళ్ళంటే మహా ఇష్టం. అందుకే సముద్రంలో తిరిగే పడవ కంటే పెరట్లో ఊరికే పడున్న పడవే ముందు పోతుంది.

మిర్రర్‌లో ముందు, వెనక, రెండు పక్కలా మూసిన గాలి అరలు ఉంటాయి. పడవ తిరగబడినా మునగకుండా కాపాడేవి అవే. వాటికి నీళ్ళు వదిలే చిన్న మూతలు ఉంటాయి. పడవ ఒడ్డున ఉన్నప్పుడు ఆ మూతలు విప్పి ఉంచాలి. ఎవరూ విప్పరు. లోపల చేరిన చెంబెడు నీళ్ళు ఎండకు ఆవిరై, రాత్రికి చెమటలా పలకలకు పట్టి, మళ్ళీ కిందికి కారుతూ ఏళ్ళ తరబడి అక్కడే తిరుగుతాయి. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు.

ఇంకో దారి ప్లైవుడ్ అంచు. పలక మీదినుంచి నీళ్ళు మెల్లగా ఇంకుతాయి. కోసిన అంచు మాత్రం గడ్డిమోపును నీళ్ళలో నిలబెట్టినట్టు పీల్చేస్తుంది. మేకు కన్నం, మర కన్నం కూడా అంచు కిందే లెక్క.

దెబ్బ ఎంతుందో తేల్చుకోవడం

స్క్రూడ్రైవర్ పిడితో పడవంతా తట్టుకుంటూ పోండి. గట్టి చెక్క టక్‌టక్‌మంటుంది, చివికింది పండిన గుమ్మడికాయను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట దబ్బనం. దిగిన చోటల్లా ఎర్ర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వెనక పలక కింది మూలలు, గాలి అరల అడుగు, డెక్ అంచులు, తెరచాప కొయ్య నిలబడే చోటు, మధ్యలో పలక దించే డాగర్‌బోర్డు పెట్టె చుట్టూ, తాళ్ళు బిగించే ఇనుప ముక్కల కింద ముఖ్యంగా చూడండి. అరల్లోకి చెయ్యి దూరకపోతే ఫోన్ టార్చ్ వెలిగించి వీడియో తీయండి.

మా పడవలో వెనక పలక రెండు మూలలూ పోయాయి. ఎడమ అర కింద అడుగుపలక దాదాపు మీటరు పొడవున పోయింది. ముందు డెక్ అంచు పొరలుగా లేచిపోయింది. కుడివైపు మాత్రం ఆశ్చర్యంగా కొత్తదానిలా ఉంది. కంచె పక్కన పడవ ఎడమకు ఒరిగి ఉండేదట, నీళ్ళన్నీ అటే చేరాయి.

ఇక్కడే ఒక నిర్ణయం చేసుకోవాలి. ఒకవైపు బాగుండి రెండోవైపు పోతే బాగుచేయొచ్చు, బాగున్న వైపును చూసి పోయినవైపు చేసుకోవచ్చు. రెండువైపులా అడుగు, పక్కలు, డెక్ అన్నీ పోతే అది పడవ కాదు, పడవ ఫొటో. కొత్తది కట్టుకోవడమే చవక. మిర్రర్ లాంటి పడవ సెకండ్ హ్యాండ్‌లో మంచిదే దొరుకుతుంది. పాతదాన్ని బాగుచేయడానికి అయ్యే ప్లైవుడ్, ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ రెండూ కలిపి వాడే గట్టి జిగురు) ఖర్చు దాని ధరను సులువుగా దాటేస్తుంది. నేను డబ్బు ఆదా కోసం చేయలేదని ఇంట్లో అందరికీ తెలుసు.

ముందు ఆకారం బిగించండి, తర్వాతే కోత

గోదావరి జిల్లాల్లో, తాళ్ళరేవు వైపు చెక్క పడవలు చేసేవాళ్ళు పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం, నూనె పట్టిస్తారు. లోపల గట్టి వాసాలు ఉంటాయి కాబట్టి పోయిన పలకను ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు, పడవ కదలదు. సన్నటి ప్లైవుడ్ పడవ అలా కాదు. దీనికి చర్మమే ఎముక. ఒక పలక కోసేస్తే మిగతాది చల్లగా మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన పడవకు కొత్త పలక అతికిస్తే ఆ మెలిక జన్మంతా ఉండిపోతుంది, పడవ ఎప్పుడూ ఒకవైపుకే లాగుతుంది.

అందుకని కోతకు ముందు ఒక రోజు దీనికే కేటాయించండి.

పడవను బోర్లించి, గట్టి స్టాండ్ల మీద పెట్టండి. బాగున్నవైపు వంపును అట్టముక్కల మీద గీసి, పాత ప్లైవుడ్‌తో మూడు అచ్చులు కోయండి. వాటిని తిప్పి పెడితే పోయినవైపు అచ్చులవుతాయి. ముందునుంచి వెనకదాకా నడిమధ్యన దారం లాగి కట్టండి. పడవ రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో చూడండి. దీనికి రసమట్టం కంటే ట్యూబే నమ్మకం. ముందు పలక మధ్యబిందువు నుంచి వెనక రెండు మూలలకూ కొలవండి. రెండు కొలతలకూ మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా ఉంటే నేను పట్టించుకోను, అంతకు మించితే సరిచేయాలి. అంతా కుదిరాక మూడు చోట్ల అడ్డంగా బద్దలు మరలతో బిగించండి. ఆ బద్దలు కొత్త పలకలన్నీ ఆరి గట్టిపడేదాకా విప్పకూడదు.

రెండు పెద్ద పలకలు ఒకేసారి తీయకండి. ఒకటి తీసి, కొత్తది అతికించి, ఆరాకే రెండోది.

కోత

ముందు రంగు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడి ఉప్పుకాగితంతో రుద్ది ఆ దుమ్ము పీల్చొద్దు. స్క్రేపర్‌తో, తడిపిన ఉప్పుకాగితంతో తీయండి, మంచి మాస్కు పెట్టుకోండి. రంగు పోయాక అతుకుల మీది పాత గాజుపట్టీని హీట్ గన్‌తో వేడి చేస్తే పాత పాలియెస్టర్ రెజిన్ మెత్తబడి పట్టీ పొడవుగా లేస్తుంది. పట్టీ కింద వరసగా పచ్చబడ్డ చుక్కలు కనిపిస్తాయి, అవి పాత రాగి కుట్లు. ఎవరో తండ్రీ కొడుకో, అన్నదమ్ములో గ్యారేజీలో కూర్చుని మెలిపెట్టిన తీగలు. నేను కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

రంపం పళ్ళు ప్లైవుడ్ మందం వరకే దిగేలా పెట్టుకోండి, లేకపోతే లోపలి బద్ద కూడా తెగుతుంది. దబ్బనం దిగిన చివరి గుర్తు నుంచి ఇంకో బెత్తెడు బయటికి గీత గీయండి. కంటికి కనబడని ఫంగస్ పోగులు అక్కడిదాకా పాకి ఉంటాయి. మనసు ఒప్పదు, ఇక్కడ బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కోసేయండి. కన్నం మూలలు గుండ్రంగా ఉండాలి, కోసుగా ఉంటే అక్కడినుంచే పగులు మొదలవుతుంది. తీసిన ముక్క ముక్కలైనా పారేయకండి. టేపుతో కలిపి, మీద పెన్సిల్‌తో "పైన, ముందు, ఎడమ" అని రాసి దాచండి. కొత్త పలకకు అదే నమూనా.

చివికిన చెక్కలోకి పల్చటి ఎపాక్సీ పోస్తే రాయిలా గట్టిపడుతుందని ఒక సలహా తరచూ వినిపిస్తుంది. కిటికీ చట్రానికైతే మీ ఇష్టం. పడవకు వద్దు. అది లోపలిదాకా ఇంకదు, పైన ఒక పెంకు కడుతుంది. ఆ పెంకు కింద తేమ ఇరుక్కుపోయి ఫంగస్ హాయిగా పని కొనసాగిస్తుంది.

ఆరబెట్టడం

ఈ పనిలో ఏమీ చేయకుండా కూర్చోవాల్సిన ఘట్టం ఇదే, చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. తడి చెక్క మీద ఎపాక్సీ పట్టదు. తేమ కొలిచే మీటరు ఉంటే 12 శాతం, మహా అయితే 15 లోపు రావాలి. మీటరు లేకపోతే అరచేయంత ప్లాస్టిక్ కాగితాన్ని చెక్క మీద నాలుగు వైపులా టేపుతో అతికించి, పొద్దున చూడండి. లోపల చెమట పడితే ఇంకా ఆరలేదు. గ్యారేజీలో తేమ తీసే మిషన్ పెట్టినా మా పడవకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ నేను పడవ చుట్టూ తిరుగుతుంటే మా ఆవిడకే టెన్షన్.

మిగిలిన మంచి చెక్కకు రక్షణగా వేడినీళ్ళలో కరిగించిన వెలిగారం పూయొచ్చు, ఫంగస్‌కు అది గిట్టదు. కానీ అతుకు పడే చోట పూయకండి. ఆరాక మీద తేలే పలుకులు జిగురును పట్టనివ్వవు.

ప్లైవుడ్ కొనేటప్పుడు

పడవ పనికి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. ఒకుమే చెక్కతో చేసినదైతే తేలిగ్గా ఉంటుంది. మిర్రర్ పలక మందం 5 మి.మీ. మొత్తం పడవ బరువు 45 కిలోలకు కాస్త పైన. ఇండియాలో ఉన్నవాళ్ళకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై దొరుకుతుంది, వంటింటి అరలకు వాడేది. జిగురు మంచిదే, 72 గంటలు ఉడకబెట్టే పరీక్ష ఉంటుంది. కానీ బరువెక్కువ, సన్నటి షీట్లు వెతుక్కోవాలి. ఏది కొన్నా ముందు ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. అంచు చూడండి, పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే వద్దు. ఆ ముక్కను గిన్నెలో నాలుగైదు గంటలు ఉడికించి, ఆరబెట్టి, ఉలితో పొరలు విప్పి చూడండి. జిగురు దగ్గర కాకుండా చెక్కలో చీలితే మంచి ప్లై.

వాలు అతుకు

కొత్త పలకను పాత పలకకు అంచూ అంచూ ఆనించి అతికిస్తే నిలవదు. రెండు అంచుల్నీ వాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి. వాలు పొడవు మందానికి ఎనిమిది రెట్లు. 5 మి.మీ. ప్లైకి 40 మి.మీ.

అంచు నుంచి 40 మి.మీ. దగ్గర గీత గీయండి. బల్ల అంచుకు పలకను సమంగా బిగించి, ఆ గీత నుంచి అంచుదాకా చిత్రిక పట్టండి. కొలత పట్టీ అక్కర్లేదు, ప్లైవుడే దారి చూపిస్తుంది. వాలు దిగుతున్నకొద్దీ లోపలి జిగురు గీతలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆ గీతలు తిన్నగా, సమాన దూరంలో ఉంటే వాలు సరిగ్గా ఉన్నట్టు. ఒకచోట గీత పాములా వంకరపోతే అక్కడ ఎక్కువ తీశారు. చివరికి అంచు కాగితమంత పల్చనై, వేలికి మెత్తగా తగులుతుంది. ఇక అక్కడ చిత్రిక ఆపి, చెక్క దిమ్మకు ఉప్పుకాగితం చుట్టి నాలుగు రుద్దులు రుద్దితే చాలు. పడవ మీదున్న అంచును కూడా ఇలాగే చెక్కాలి, వాలు మాత్రం ఎదురువైపుకు. మొదటిసారే పడవ మీద చేయకండి. మూడు వృథా ముక్కల మీద చేసి, అతికించి, ఆరాక మోకాలికేసి విరవండి. అతుకు దగ్గర కాకుండా పక్కన చెక్క విరిగితే మీ చెయ్యి కుదిరినట్టు.

గాలి అర లోపల, కంటికి కనబడని చోట, వాలు అతుకు బదులు వెనక ఒక ప్లైవుడ్ పట్టీ అతికించినా సరిపోతుంది. ఆ పట్టీ పై అంచును ఏటవాలుగా చెక్కండి, లేకపోతే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఎపాక్సీ

ముందు రెండు అంచులకూ ఏమీ కలపని పల్చటి ఎపాక్సీ పూసి పావుగంట వదిలేయండి, చెక్క తాగినంత తాగుతుంది. తర్వాత సిలికా పొడి, మైక్రోఫైబర్ కలిపి పెసరట్టు పిండిలా చేసి పూయండి. అతుకుకు పైనా కిందా ప్లాస్టిక్ కాగితం చుట్టిన దిమ్మలు పెట్టి క్లాంపులు బిగించండి. మరీ బిగించకండి. వడ్రంగి జిగురులా దీన్ని పిండితే ఉన్నదంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది. అంచుల్లో సన్నగా పూసలా బయటికి వస్తే చాలు.

రెజిన్, హార్డెనర్ కొలతను కళ్ళతో అంచనా వేయొద్దు. వంటింటి డిజిటల్ కాటా వాడండి, డబ్బా మీద రాసింది బరువు లెక్కో, పరిమాణం లెక్కో చూసుకోండి. గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి వస్తే మళ్ళీ పోదు.

నేను చేసిన రెండు తప్పులు చెబుతాను. వేసవిలో పెద్ద కప్పు నిండా ఒకేసారి కలిపాను. అయిదు నిమిషాల్లో కప్పు వేడెక్కి, పొగలు కక్కి, ప్లాస్టిక్ కరిగి నేల మీదికి కారింది. కొంచెం కొంచెంగా కలిపి, వెంటనే వెడల్పు పళ్ళెంలో పోసుకోవాలి. పల్చగా పరచుకుంటే వేడెక్కదు. రెండోది నవంబరులో. గ్యారేజీలో 6 డిగ్రీలు. అయినా ఆగలేక పూశాను. మూడు రోజుల తర్వాత కూడా పనసతొన జిగురులా అంటుకుంటూనే ఉంది. అదంతా గీకేసరికి ఒక ఆదివారం పోయింది. మామూలు ఎపాక్సీకి కనీసం 10 డిగ్రీలు, హాయిగా పని జరగాలంటే 18 నుంచి 25.

కుట్టు, పట్టీ

అడుగుపలక, పక్కపలక కలిసే చోట, వెనక పలక చుట్టూ పాత పద్ధతే మేలు. బెత్తెడుకొక జత సన్న కన్నాలు వేసి, రాగి తీగ దూర్చి, పటకారుతో మెలిపెట్టి దగ్గరకు లాగండి. కుట్ల మధ్య లోపలివైపు చిక్కటి ఎపాక్సీ ముద్దలు పెట్టి, ఆరాక తీగలు లాగేయండి. పాతవాళ్ళు తీగ లోపలే వదిలేసేవారు, నాకది నచ్చదు. తీగ పక్కనుంచే తేమ పాకుతుంది. తీగ రాకపోతే హీట్ గన్‌తో కాస్త వేడి చేయండి.

తర్వాత మూలంతా చిక్కటి ముద్ద నింపి, పెద్ద స్పూను వెనకభాగంతో ఒకే లాగుగా నున్నగా గీయండి. దాని మీద 75 మి.మీ. గాజుపట్టీ పరచి, గాజు పారదర్శకం అయ్యేదాకా ఎపాక్సీ తాగించండి. తెల్లగా కనిపించే చోటల్లా గాలి ఉన్నట్టే. బయటివైపు మూలను ముందు గుండ్రంగా రుద్దాలి. కోసు మూల మీద గాజుపట్టీ పడుకోదు, లేచి నిలబడుతుంది.

గాలి అరల పరీక్ష

రంగు వేయకముందే చేయండి. మూత కన్నంలో చిన్న గొట్టం పెట్టి, చుట్టూ టేపు చుట్టి, నోటితో ఊదండి. కంప్రెసర్ పెట్టొద్దు, పలకలు ఊడతాయి. ఒకరు ఊదుతుంటే ఇంకొకరు సబ్బు నీళ్ళను బ్రష్‌తో అతుకులన్నిటి మీదా పూయాలి. మా అమ్మాయి ఊదింది, నేను పూశాను. ఎడమ అరలో, నేను అసలు ముట్టుకోని పాత అతుకులో, చిన్న బుడగల వరస మెల్లగా లేచింది. పెద్ద అతుకుల గురించి నేను పడ్డ బెంగంతా వృథా, కారేది ఇక్కడ.

పూత, రంగు

ఎపాక్సీ ఆరాక దాని మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. ముందు నీళ్ళతో, పచ్చ పీచుతో కడిగి, తర్వాతే ఉప్పుకాగితం. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు లోపలికే వెళ్ళి మీది రంగు పొట్టులా ఊడుతుంది. గాలి అరల లోపల కూడా రెండు మూడు పూతలు ఎపాక్సీ వేయండి. ఒక పూత ఇంకా వేలికి కాస్త అంటుతుండగానే తర్వాతి పూత వేస్తే మధ్యలో రుద్దే పని ఉండదు.

మర బిగించే ప్రతి కన్నాన్నీ ముందు పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో సన్న కన్నం వేసి మర బిగించండి. అప్పుడు మర వదులైనా నీళ్ళు చెక్కకు తగలవు. విసుగు పని. మా పడవలో అలాంటి కన్నాలు నలభైకి పైగా ఉన్నాయి, ఒక్కటీ వదల్లేదు.

ఎండ తగిలితే ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన రంగో వార్నిషో తప్పదు. అడుగుకు పెయింట్, డెక్‌కు వార్నిష్ వేశాను. వార్నిష్ మొదటి పూత పల్చగా కలిపి, తర్వాత అయిదు పూతలు.

దించిన రోజు

మోకాలి లోతు నీళ్ళలో ఒక గంట ఊరికే తేలనివ్వండి. ఒడ్డుకు తెచ్చి మూతలు విప్పి, స్పాంజితో ఎన్ని నీళ్ళు వచ్చాయో చూడండి. మా ఎడమ అరలో అరగ్లాసు వచ్చింది. ఆ బుడగల వరస దగ్గరే, మళ్ళీ ఒక పట్టీ వేశాక ఆగింది.

పడవ ఇప్పుడు పెరట్లో బోర్లించి, కింద రెండు దిమ్మల మీద ఉంటుంది. గాలి ఆడేలా మీద వదులుగా టార్పాలిన్. అరల మూతలు మాత్రం నా కారు తాళం గుత్తికి వేలాడుతుంటాయి.